వల మీద చెయ్యి

నల్లగుండం రిజర్వాయరు క్యాంపు,
ఆత్మకూరు తాలూకా,
20 నవంబరు 1955.

అక్క నాగులమ్మకు తమ్ముడు మాల్యాద్రి రాసేది.

నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదలుపెట్టాలని నువ్వు చెప్పావు. మొదలుపెట్టాను. ఇక నిజం రాస్తాను. నాకిక్కడ రోతగా ఉంది.

పని దొరికింది. లస్కరు పని. పొద్దున్నే తూము దగ్గరికి పోయి నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి పుస్తకంలో రాయాలి. సిమెంటు కొట్టు గోడలకు అంటించిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి, సర్కారు పుస్తకంలో రాస్తున్నానని రెండు రోజులు పొంగిపోయాను. మూడో రోజు ఆదివారం. అప్పుడు తెలిసింది అసలు పనేమిటో.

ఈ కట్టకు రాళ్లు మోసింది మనం. మునిగింది మన పాలెం. మెట్ట పొలాలకు నీళ్లిస్తామన్నారు. కాలవ ఇంకా ఫర్లాంగు కూడా తవ్వలేదు. పడవలు మాత్రం మద్రాసు నుంచి లారీ మీద వచ్చాయి, తెల్ల రంగువి రెండు. ఆదివారం వస్తే కార్లు దిగుతాయి. పరుపులు, గ్రామఫోను పెట్టె, బిస్కత్తు డబ్బాలు, గొడుగులు. ఒకావిడ కట్టెక్కి చూసి, "ఎడారిలో సముద్రం పెట్టారండీ!" అని చప్పట్లు కొట్టింది. ఆమె చెప్పులకు బురద అంటితే నేను కడిగాను.

సీసాలు చల్లబడాలని మెడకు తాడు కట్టి నీళ్లలోకి దించమంటారు. కల్లు గీసినవాణ్ణి జైల్లో వేసే రాజ్యమిది. ఆ సీసాల కాపలా నాది.

ఇంకొకటి రాస్తాను, బావతో చెప్పొద్దు. వాళ్లు పడవ ఆపి తినే చోటు ఉంది చూడు, చింతచెట్టు మోడు నీళ్ల మీదికి కనబడే చోటు. అది మన చింతచెట్టే. దాని పక్కనే మన ఇల్లు. వాళ్లు చీకి పారేసిన ఎముకలు మన దొడ్లో పడుతున్నాయి.

వలలకు పర్మిషను గురించి బావ అడగమన్నాడు. మేస్త్రి కామయ్యను అడిగాను. "ప్రాజెక్టు ఆఫీసరు దొర మంచి సంతోషంగా ఉన్నప్పుడు అడగాలరా, ఊరికే అడిగితే ఏముండాది?" అన్నాడు.

మాల్యాద్రి.

——

కొత్తపాలెం,
ఉదయగిరి తాలూకా,
11 డిసెంబరు 1955.

తమ్ముడు మాల్యాద్రికి.

నీ ఉత్తరం హన్నమ్మ టీచరు చేత చదివించుకున్నాననుకోకు. నేనే చదివాను. ఆమె నేర్పిన అక్షరాలు ఇంకా పోలేదు. ఎముకల సంగతి మీ బావతో చెప్పొద్దన్నావు. ఇంట్లో ఉండేది ఒక్క గది, గట్టిగా చదివే అలవాటు నాది. విన్నాడు. అన్నం తినలేదు.

ఇక్కడ ముప్పై ఇళ్లు రాతినేల మీద ఉన్నాయి. గుంజ పాతాలంటే గడ్డపార వంగిపోతుంది. తాగే నీళ్లకు మైలున్నర నడిచి గొల్లవాళ్ల బావికి పోతాం. అంత నీళ్లను కిందనే వదిలిపెట్టి వచ్చినవాళ్లం, గొర్రెలు తాగి మిగిలింది ముంచుకుంటున్నాం. మీ బావ హుసేనయ్య రోడ్డుకు కంకర కొడుతున్నాడు. వల విసిరే చేతులకు సుత్తి ఇచ్చారు. తాలూకా ఆఫీసుకు రెండు అర్జీలు పెట్టాం. జవాబు లేదు.

పెద్దలందరం కూర్చుని మాట్లాడుకున్నాం. తాత ఎట్లా చేసేవాడో నీకు గుర్తుందా? నువ్వు చిన్నవాడివి. చెరువు జమీందారుదిగా ఉన్న రోజుల్లో, ఏటా వల దించే ముందు అందరికంటే పెద్ద చేపను ప్రాణంతో పట్టేవాళ్లు. కింది దవడకు చిల్లి పెట్టి, జనపతాడు గుచ్చి, నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లు. తర్వాత తడి గోతం మీద దాన్ని జమీందారు మనిషి అమీను గడప ముందుకు మోసుకుపోయి, పక్కన వల పరిచేవాళ్లు. అమీను చేపను తీసుకుని, వంగి వల మీద చెయ్యి పెట్టేవాడు. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. ఆ చెయ్యి పడితే ఏడాదంతా నీళ్లు మనవి.

ఇప్పుడు జమీందారీ పోయింది. నీళ్లున్నాయి కదా, నీళ్లకు ఎవరో ఒకరు పెద్ద ఉంటారు కదా. మీ ఆఫీసరే అనుకో. ఆయనకు తొలి చేప ఇయ్యి. పాత పాలెం బావి దగ్గర లోతులో వాలుగలుంటాయని మీ బావ చెప్పమన్నాడు. ఇచ్చినప్పుడు వల పరచడం మరిచిపోవద్దు. చేప ఒక్కటే ఇస్తే అది కూరకే. చెయ్యి పడాలి.

కాళ్లు తడిగా పెట్టుకుని పడుకోకు.

నీ అక్క,
నాగులమ్మ.

——

నల్లగుండం క్యాంపు,
16 జనవరి 1956.

అక్కకు.

ఇచ్చాను. వాలుగ. ఏడు వీశెలుంటుంది. బావి దగ్గరే పడింది, బావ చెప్పిన చోటే. ఆఫీసరు రామనారాయణ గారు చాలా సంతోషపడ్డారు. నా భుజం తట్టారు. పర్మిషను సంగతి కామయ్య మెల్లగా చెవిన వేస్తే "చూద్దాం" అన్నారట.

ఎక్కువ రాయడానికి తీరిక లేదు. నిన్న పండక్కి మూడు కార్లొచ్చాయి. నీళ్ల మీద తేలే విస్తరాకులు నేనే ఏరాలి. ఒక విస్తట్లో ఎవడో కక్కాడు, అది కూడా నేనే.

బావను తొందరపడొద్దని చెప్పు.

మాల్యాద్రి.

——

కొత్తపాలెం,
19 ఫిబ్రవరి 1956.

తమ్ముడికి.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇక్కడ పెళ్లిలాగా ఉండింది. పైకి ఎత్తి కట్టిన వలలన్నీ దించాం. ఎలుకలు కొరికిన చోట్ల అతుకులు వేశాం. పట్టువదలని మాలకొండమ్మవ్వ కూడా కళ్లు కనబడకపోయినా వేళ్లతో తడిమి ముళ్లు వేసింది. "నా మనవడు నీళ్లు తెరిపించినాడే" అని ఆమె ఊరంతా చెప్పుకుంది. మనవడివి కావు, అయినా అంది.

మొన్న చీపుర్లు అమ్ముదామని ఉదయగిరి పోయాను. ఫొటోలు తీసే కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. నేనూ తొంగి చూశాను. అద్దంలో పెద్ద ఫొటో. టోపీ పెట్టుకున్న లావాటి మనిషి. ఒక చేతిలో చక్రం ఉన్న గాలం కర్ర, ఇంకో చేతిలో వాలుగ. కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. "నల్లగుండంలో రామనారాయణ గారు స్వయముగా పట్టిన మీనము."

నా పక్కనున్నవాడు "ఏం వేటగాడబ్బా!" అన్నాడు.

నేను చేప మూతి చూశాను తమ్ముడూ. గాలం ముల్లు పై పెదవికి ఉంది. కింది దవడకు ఇంకో చిల్లి ఉంది. గుండ్రంగా, నలిగిన చిల్లి. ముల్లు చేసే చిల్లి కాదది. జనపతాడు చేసేది. మన ముప్పై ఇళ్లలో ఎవరు చూసినా చెబుతారు.

చేతికిచ్చిన చేప గాలానికెట్లా తగిలింది? నీ ఉత్తరంలో వల మాట లేదు. మొదటిసారి చదివినప్పుడు సంతోషంలో గమనించలేదు. వల పరిచావా లేదా? చెయ్యి పడిందా లేదా?

ఒక్క మాటలో రాయి.

నాగులమ్మ.

——

నల్లగుండం క్యాంపు,
4 మార్చి 1956.

అక్కా,

పడలేదు.

ఒక్క మాటలో రాయమన్నావు, రాశాను. మిగతాది కూడా రాస్తాను. దాచి దాచి లోపల కుళ్లు పట్టింది.

చేపను పట్టి, తాడు గుచ్చి, చింతమోడుకు కట్టాను. వల మడిచి భుజాన వేసుకుని కామయ్యకు చెప్పాను, దొర గడప ముందు పెడతానని. కామయ్య పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు.

"ఒరే పిచ్చోడా, చేతికిస్తే ఆయనకేం గొప్ప? బజార్లో దొరకవా చేపలు? ఆయన మూణ్ణెల్లుగా ఆ కర్ర పట్టుకుని కూసోని ఒక్క పరక చేప కూడా పట్టలా. ఆడోళ్ల ముందర తల కొట్టేసినట్టుండాది. ఆయనే పట్టినట్టు చెయ్యి. పర్మిషనేంది, ఈ రిజర్వాయరే రాసిస్తాడు."

నేను ఒప్పుకున్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. తొలి చేప తొలి చేపే కదా, ఎట్లా ఇస్తే ఏం అనుకున్నాను. ఆదివారం పడవ చింతమోడు దగ్గర ఆపారు. నేను అవతలి పక్కన మునిగి, ఆయన గాలం వెతికి, ముల్లు వాలుగ పెదవికి గుచ్చి, తాడు కోసేశాను. ఊపిరి బిగబట్టి మన ఇంటి మొండిగోడ పట్టుకుని కూర్చున్నాను అక్కా. ఆ గోడకు పేడ మెత్తింది నువ్వు. పైన వాళ్లు కేకలు పెడుతున్నారు. "లాగండి సార్, లాగండి!" గ్రామఫోను మోగుతూనే ఉంది.

తర్వాత ఫొటో తీశారు. తర్వాత ఏం చేశారో తెలుసా? ఆ చేపను బంగళా వసారాలో మేకుకు తగిలించారు. చూడ్డానికి. రెండు రోజులు. మీసాల చేప వాసనని ఆ ఇంటావిడ తినదట. మూడో రోజు ఈగలు ముసిరాయి. "అవతల పారెయ్" అన్నారు. నేనే మోసుకుపోయాను. నాలుగిళ్లకు కూరయ్యే చేప. కుక్క కూడా ఒకసారి వాసన చూసి తప్పుకుంది. నేను అక్కడే వాంతి చేసుకున్నాను. చేప కంపుకు కాదు.

ఇంకా ఉంది. చేప పట్టిన సంతోషంలో ఆయన పైకి రాశాడు, ఈ నీళ్లలో గొప్ప గొప్ప మీనాలున్నాయి, వలలు పడితే పాడైపోతాయని. ఆర్డరొచ్చింది. బోర్డు వచ్చింది. "ఈ జలాశయమున వలలు నిషిద్ధము. విహారమునకు, గాలపు వేటకు మాత్రమే. అతిక్రమించువారు శిక్షింపబడుదురు." కట్ట మొదట్లో గుంట తవ్వి ఆ బోర్డు పాతింది నేనే. జనవరి ఆఖర్లో. నీకు రాయలేదు.

నా ఒక్కడి కల్లబొల్లి తెలివికి ముప్పై ఇళ్ల కూడు పోయింది. నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తోంది.

మాల్యాద్రి.

——

కొత్తపాలెం,
18 మార్చి 1956.

మాల్యాద్రికి.

నేను కూడా ఒకటి దాచాను. నీ పనికి ముప్పు వస్తుందని దాచాను. ఇప్పుడు దేనికి?

ఫొటో సంగతి నేను మీ బావకు చెప్పలేదు. చేప ఇచ్చానన్న నీ మాట నమ్మి, నీళ్లు తెరిచారనుకుని అతను ఫిబ్రవరి ఆఖర్లో వల తీసుకుని నల్లగుండం ఉత్తరం గట్టుకు పోయాడు. దొంగతనంగా కాదు. పట్టపగలు, పాట పాడుకుంటూ. "మా బామ్మర్ది దొరకి తొలి చేప ఇచ్చినాడు, నీళ్లు మాయి" అని కాపలావాళ్లకు తనే చెప్పాడట. వాళ్లు పడీపడీ నవ్వారు. వల లాక్కుని, కిరసనాయిలు పోసి అతని ఎదురుగానే కాల్చారు. తాత చేతి వల. తర్వాత స్టేషనులో మూడు రోజులు కూర్చోబెట్టారు.

తిరిగొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? "పిల్లోడికి రాయొద్దు. వాడు బాధపడతాడు" అన్నాడు.

నువ్వు నీళ్ల కింద మన గోడ పట్టుకుని కూర్చున్నావు. ఆ గోడకు నోరుంటే నీకు జవాబు చెప్పేది. నాకు నోరుంది గానీ చెప్పాలని లేదు. చేప ఇమ్మన్నది నేను, సగం తప్పు నాది. కానీ చెయ్యి పడాలని కూడా నేనే రాశాను. దాన్ని చదివి మింగేసిన తప్పు నీది.

మాలకొండమ్మవ్వ ఇంకా ముళ్లు వేస్తూనే ఉంది. ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

నాగులమ్మ.

——

అనుమసముద్రంపేట,
దర్గా వీధి,
29 ఏప్రిల్ 1956.

అక్కా,

అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను. చించేసేముందు ఒకసారి చదువు.

పోయిన ఆదివారం నెల్లూరు నుంచి రామనారాయణ కంటే పెద్ద దొర వచ్చాడు, ఇల్లంతటినీ వెంటబెట్టుకుని. ఫొటో చూసి ఆశపడ్డాడట. శనివారమే కామయ్య నా దగ్గరికొచ్చాడు. "ఈసారి ఇంకా పెద్దది కట్టాలరా. ఇది తేడా వచ్చిందంటే నిన్నూ నన్నూ తవ్వి పాతేస్తారు." నేను సరేనన్నాను. పట్టాను, కట్టాను. పోయినదానికంటే జానెడు పొడుగుంది. చింతమోడుకు ఒక పక్క సీసాల తాడు, ఇంకో పక్క చేప తాడు.

పడవలో పెద్ద దొర గాలం వేసి కూర్చున్నాడు. పక్కన రామనారాయణ, వాళ్ల ఆడవాళ్లు. నేను మునిగాను. ముల్లు దొరికింది. దాన్ని వదిలేశాను. తాడు విప్పి, చేప దవడ పట్టుకుని, సరిగ్గా వాళ్ల పడవ పక్కన పైకి లేచాను.

"దొరా, చూడండి" అన్నాను. "ఇది కట్టేసిన చేప. ఇదిగో తాడు. ఆ రోజు ఈ సారు పట్టింది కూడా నేను కట్టిందే. ముల్లు నేనే గుచ్చినా. వలలోళ్లం ముప్పై ఇళ్లోళ్లం పస్తులుండాం. ఈ నీళ్ల కింద ఉండేది మా ఊరు. ఈ అబద్ధం చేపను చూసి మా వలలు ఆపినారు."

రామనారాయణ ముఖం నల్లబడింది. నాకు గుండెలో చల్లగా అనిపించింది అక్కా. అయిపోయింది, వీళ్ల పరువు పోయింది, ఇక సిగ్గుతోనైనా బోర్డు పీకుతారనుకున్నాను.

పెద్ద దొర నన్ను చూశాడు, చేపను చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట ఊగేట్టు నవ్వాడు.

"ఏమయ్యా రామనారాయణా, భలే మనిషివే! నీకు కట్టినవాడు నాకు కట్టడా? ఒరే అబ్బీ, మళ్లీ మునుగు. ఈసారి గట్టిగా తగిలించు. ఫొటో అబ్బాయ్, రెడీగా ఉండు!"

అందరూ నవ్వారు. రామనారాయణ కూడా నవ్వాడు. ఒకావిడ, ఆ చెప్పుల ఆవిడే, ఆటనుకుని చప్పట్లు కొట్టింది.

నిజం చెబితే వాళ్లు సిగ్గుపడతారనుకోవడం నా రెండో తప్పు. వాళ్లకు చేప అక్కర్లేదు, వేట అక్కర్లేదు, నిజమూ అక్కర్లేదు. ఫొటో ఉంటే చాలు. ఇంత రోత నేను విస్తరాకులు ఏరినప్పుడు కూడా చూడలేదు.

చేప దవడ నుంచి తాడు లాగేసి వదిలేశాను. ఒక్క ఊపు ఊపి మన ఇంటి వైపు పోయింది. సీసాల తాడు కూడా కోశాను. అవి బుడుంగుబుడుంగుమని మన దొడ్లోకి దిగాయి. అప్పుడు మాత్రం దొర నవ్వు ఆపాడు.

గట్టెక్కి ఖాకీ చొక్కా విప్పి ఆ బోర్డుకు తగిలించాను. కామయ్య వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నీ పని పోయిందిరా!" అన్నాడు.

"అదొక పనంట్రా?" అన్నాను.

ఇక్కడ దర్గాకు వచ్చేవాళ్ల మూటలు మోస్తున్నాను. మీ గడప తొక్కే ముఖం నాకు లేదు. ఒక్కటి మాత్రం నాకు బాగా తెలుసు, అది మీకు పనికొస్తుంది. ఆ నీళ్లు రోజూ కొలిచింది నేను. మే రెండో వారానికి ఉత్తరం గట్టు వైపు నడుంలోతుకు దిగుతాయి. చేపంతా బావి గుంటలోకి చేరుతుంది. కాపలావాళ్లు ఆరుగురే. ముప్పై ఇళ్లవాళ్లు ఒక్కసారి పట్టపగలు దిగితే ఆరుగురు ఎన్ని వలలు కాలుస్తారు?

బావ కాళ్లకు దణ్ణం పెట్టానని చెప్పు.

మాల్యాద్రి.

——

కొత్తపాలెం,
8 మే 1956.

తమ్ముడూ,

నీ ఉత్తరం ముప్పై ఇళ్ల ముందు గట్టిగా చదివాను. దాచడం ఇక మన వల్ల కాదు. సీసాల దగ్గర మీ బావ నవ్వాడు. మూడు నెలల్లో అదే నవ్వడం.

వచ్చే శుక్రవారం పొద్దెక్కినాక దిగుతున్నాం. ఆడవాళ్లం కూడా. పట్టుకుపోతే అందర్నీ పట్టుకుపోవాలి, అంతమందికి స్టేషను చాలదని హన్నమ్మ టీచరు అంది. ఆమె కూడా వస్తుంది, ఈత రాకపోయినా.

వల ఒక్కటే ఉంది. మాలకొండమ్మవ్వ చూపు లేకుండా అల్లింది. మీ బావ వల కాల్చిన సంగతి ఆమెకు మొదటిరోజే తెలుసట. "కాలిన వాసన నాకు తెలవదంటే? అందుకే గదే అల్లింది" అంది. అందరి పాత వలల ముక్కలూ దానికే కలిపింది. పరిస్తే మా ఇంటి ముందు నుంచి గొల్లవాళ్ల దొడ్డి దాకా వస్తుంది.

నిన్న సాయంత్రం దాన్ని పరిచాం. దీని మీద చెయ్యి ఎవరు పెట్టాలని పెద్దలు అడిగారు. అప్పుడు మీ బావ వంగి, కంకర కొట్టి కాయలు కాసిన చెయ్యి పెట్టాడు. తర్వాత నేను. తర్వాత అవ్వ. తర్వాత ఒక్కొక్కరం, చంటిపిల్లల చేతులు కూడా పట్టుకుని పెట్టించాం. తొలి చేప ఈసారి ఏ గడపకూ పోదు. అవ్వ చేత పులుసు పెట్టించుకుని మనమే తింటాం.

మూటలు మోసింది చాలు. బావి గుంట ఎంత లోతుందో నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు.

వల మూల మీద నీ చెయ్యి పట్టేంత చోటు వదిలిపెట్టాడు మీ బావ. శుక్రవారం లోపల వచ్చి పెట్టు.

నాగులమ్మ.